తాండూరు బండలు, పాలరాయి, టైల్స్: మూడింటికీ ఒకే మందు ఉందా?

హనుమకొండలోని మీ 30 ఏళ్ళ నాటి ఇంట్లో హాలుకూ వరండాకూ తాండూరు బండలు, పూజగదికి పాలరాయి ఉన్నాయని, పై అంతస్తులో ఈ మధ్యే విట్రిఫైడ్ టైల్స్ వేయించారని రాశారు. ఇంటికి రంగులు వేయించాక నేలమీద మిగిలిన సిమెంటు, సున్నం చుక్కలు పోవడానికి పనివారు బాత్‌రూమ్ యాసిడ్ పోసి రుద్దారనీ, దాంతో హాలులో బండలు తెల్లగా పాలిపోయాయనీ చెప్పారు. పోయిన మెరుపు తిరిగి వస్తుందా, ఇకమీదట మూడు రకాల నేలలకూ పనికివచ్చే మందు ఒకటి ఉందా అన్నవి మీ రెండు ప్రశ్నలు. 22 ఏళ్ళుగా నేలలకు పాలిష్ పట్టించే పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందుగా సూటి జవాబు. మెరుపు తిరిగి వస్తుంది. అయితే అది సీసాలో దొరికే ఏ మందుతోనూ రాదు. మిషను పెట్టి మళ్ళీ పాలిష్ పట్టించాలి. రోజూ తుడుచుకోవడానికి మూడు నేలలకూ సరిపోయేది మంచినీళ్ళే. మురికి ఎక్కువగా ఉన్న రోజున 5 లీటర్ల నీటికి ఒక చెంచా చొప్పున, ఘాటైన ఆమ్లమూ క్షారమూ లేని ద్రవ సబ్బు కలుపుకుంటే చాలు. మరకలు పోగొట్టే మందుల విషయానికి వస్తే మాత్రం మూడింటికీ ఒకటే అన్నది లేదు. మీ ఇంట్లో తాండూరు బండలు, పాలరాయి ఒక జాతి, టైల్స్ మరొక జాతి. మొదటి జాతి మీద యాసిడ్ చుక్క కూడా పడకూడదు.

కారణం రాయిలోనే ఉంది. తాండూరు, షాబాదు, బేతంచర్ల, కడప బండలు, అంటే మనం నాపరాళ్ళు అని పిలుచుకునేవన్నీ సున్నపురాయి. పాలరాయి కూడా, భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ లోనై రూపు మారిన సున్నపురాయే. వీటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. బాత్‌రూమ్ యాసిడ్‌గా అమ్మేది సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఈ రెండూ కలిసినప్పుడు బుసబుసమని నురగ లేస్తుంది. పనివారు దాన్ని చూసి మురికి కదులుతున్నదని అనుకుంటారు కానీ, అక్కడ కరుగుతున్నది రాయి. నురగలోని బుడగలు రాయి నుంచి విడుదలవుతున్న కార్బన్ డయాక్సైడ్ వాయువు. మిగిలే కాల్షియం క్లోరైడ్ నీటిలో పూర్తిగా కరిగిపోతుంది కనుక, కడిగినప్పుడు రాతి పైపొర నీళ్ళతో పాటే కొట్టుకుపోయి, కంటికి కనిపించనంత చిన్న గుంతలు మిగులుతాయి. ఆ గుంతల మీద పడిన వెలుగు చెదిరిపోవడం వల్లనే బండ తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తుంది.

ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని అరచేతితో నిమిరి చూడండి. యాసిడ్ తగలని చోట చెయ్యి గాజు మీద జారినట్టు జారుతుంది. తగిలిన చోట సన్నటి గరుకు కాగితాన్ని తాకినట్టు ఉంటుంది. నిజామాబాదులో నేను చూసిన ఒక ఇంట్లో యాసిడ్ మగ్గును కింద పెట్టిన చోట దాని అడుగు గుండ్రంగా, గీత గీసినంత స్పష్టంగా అచ్చుపడి ఉంది. ఆ ఇంటివారు దాన్ని మరక అనుకుని ఆరు నెలల పాటు రకరకాల పొడులతో రుద్దారు. రాయి మీద పైనుంచి ఏదో అంటుకుంటే అది మరక. రాయే తరిగిపోతే అది మరక కాదు, గాయం. ఈ తేడా తెలియకనే చాలామంది డబ్బూ శ్రమా వృథా చేసుకుంటున్నారు.

మీ ఇంట్లో ఏ రాయి ఏ జాతిదో తేల్చుకోవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కరలేదు. బీరువా వెనకో, మంచం కిందో కనిపించని మూలలో ఒక నిమ్మరసం చుక్క వేసి, 5 నిమిషాలు ఆగి, తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత దీపపు వెలుగును పక్కవాటుగా పట్టి చూడండి. మెరుపు పోయిన మచ్చ కనిపిస్తే అది సున్నపు జాతి రాయి. అప్పుడు యాసిడ్‌తో పాటు నిమ్మకాయ, వెనిగర్, చింతపండు, చారు, పెరుగు, కూల్‌డ్రింకు అన్నీ దానికి శత్రువులే. చింతపండులో టార్టారిక్, పెరుగులో లాక్టిక్, నిమ్మలో సిట్రిక్ ఆమ్లాలు ఉంటాయి. భోజనాల గదిలో పాలరాయి వేయించుకున్నవారు చారు ఒలికితే భోజనం ముగిసే దాకా ఆగకుండా అప్పటికప్పుడు తుడవాలి.

ఇప్పుడు మీ హాలు సంగతి. పాలిష్‌కు ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. రాతి సందుల్లో యాసిడ్ ఇంకా మిగిలి ఉండవచ్చు. 5 లీటర్ల నీటిలో రెండు చెంచాల వంటసోడా కలిపి హాలంతా ఒకసారి తుడిచి, ఆపైన ఉత్త మంచినీళ్ళతో రెండు సార్లు కడిగి, మూడు నాలుగు రోజులు ఫ్యాన్ల కింద పూర్తిగా ఆరనివ్వండి. కాల్షియం క్లోరైడ్‌కు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది కాబట్టి, సరిగా కడగని చోట బండ ఎప్పుడూ చెమర్చినట్టే ఉంటుంది. అలాంటి మచ్చలు మిగిలితే మరోసారి కడగండి.

తరువాత పాలిష్ మేస్త్రీని పిలిచి, ముందుగా మూలలో రెండడుగుల చదరంలో మాత్రమే పట్టి చూపమనండి. మిషనుకు బిగించే రాళ్ళకు నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. బండల మధ్య ఎత్తుపల్లాలు లేకపోతే 60 నంబరుతో మొదలుపెట్టవలసిన అవసరం లేదు. యాసిడ్ దెబ్బ పైపైనే ఉంటుంది కనుక సాధారణంగా 120తో మొదలుపెట్టి, 220, 400 మీదుగా పైకి వెళితే సరిపోతుంది. తొందరలో 120 నుంచి ఒక్కసారిగా పై నంబరుకు దూకే మేస్త్రీలు ఉంటారు. అలా చేస్తే మొదటి రోజు మెరుస్తుంది. కిటికీలోంచి ఎండ పక్కవాటుగా పడినప్పుడు గుండ్రటి గీతలు బయటపడతాయి. ఒక నంబరు పూర్తయ్యాక నేలను శుభ్రంగా కడిగి, ఆరిన తరువాత చూసి, ఆపైనే తరువాతి నంబరుకు వెళ్ళాలి. పాలిష్‌లో వచ్చే బురదను బాత్‌రూమ్ తూములోకి వదలనివ్వకండి. అది పైపులో పేరుకుని రాయిలా గట్టిపడుతుంది. బకెట్లలోకి ఎత్తించి బయట పోయించండి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. పాలిష్ చివర మేస్త్రీలు చల్లే తెల్లటి పొడి ఆక్సాలిక్ ఆమ్లం కదా, అది రాయిని పాడుచేయదా అని చాలామంది అడుగుతారు. ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసినప్పుడు ఏర్పడే కాల్షియం ఆక్సలేట్ నీటిలో దాదాపు కరగదు. కనుక అది కొట్టుకుపోకుండా పైపొరగా నిలిచి, రుద్దిన కొద్దీ నునుపెక్కుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం రాతిని కరిగించి తీసుకుపోతుంది, ఇది నిలబెడుతుంది. మొజాయిక్ నేలలకు కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశించే లెక్క ప్రకారం కూడా చదరపు మీటరుకు 33 గ్రాముల ఆక్సాలిక్ పొడి చల్లి రుద్దాలి. అయినా ఇది విషపదార్థం. మేస్త్రీ చేతికి తొడుగులు ఉండాలి, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు, పని ముగిశాక నేలను బాగా కడగాలి. ఇంట్లో కొనిపెట్టుకుని సొంతంగా వాడవద్దు.

రోజువారీ తుడవడం గురించి. ఊడ్వకుండా తడిగుడ్డ పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలతలో దానిది 7. పాలరాతిలోని కాల్సైట్‌ది 3. చెప్పులతో లోపలికి వచ్చిన ఇసుక తడిగుడ్డ కింద పడితే, మీ చేతులతో మీరే పాలరాతిని గీకినట్టు అవుతుంది. గుమ్మం బయట గరుకు పట్టా ఒకటి, లోపల మెత్తటి పట్టా ఒకటి వేసుకోండి. మెత్తటి చీపురుతో ఊడ్చిన తరువాతే తడిగుడ్డ పెట్టండి. రెండు బకెట్లు ఉంచుకుని, ఒకదానిలో మురికి పిండి, రెండవదానిలో ముంచి తుడిస్తే, మొదటి గదిలోని మురికిని నాలుగవ గదిలో పులమకుండా ఉంటాము. రెండు గదులకు ఒకసారైనా నీళ్ళు మార్చాలి. గుడ్డను బాగా పిండాలి. తుడిచిన నేల రెండు మూడు నిమిషాల్లో ఆరిపోవాలి.

మీ నేల రోజూ ఫినాయిల్ పెట్టినా మసకగా ఉందన్నారు. ఫినాయిల్ మురికిని వదిలించే వస్తువు కాదు, క్రిములను చంపడానికి వాడేది. రోజూ పెడితే సన్నటి జిడ్డు పొర పేరుకుని, దానికి దుమ్ము అంటుకుంటుంది. బట్టల సబ్బు పొడి కలిపినా అంతే; అందులోని సోడా కూడా నేల మీద పొరగా మిగులుతుంది. ఒక వారం పాటు వేడినీళ్ళతో మాత్రమే తుడిచి చూడండి, టైల్స్‌లో తేడా మీకే తెలుస్తుంది. దానికి తోడు మన ప్రాంతాల్లో బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి. అవి ఆరినప్పుడు అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి పొరగా మిగులుతాయి. నల్లా నీళ్ళు వచ్చే రోజున తుడవడానికి వాటినే వాడుకోవడం మేలు.

తుడిచే నీళ్ళలో కల్లుప్పు వేసే అలవాటు మన ఇళ్ళలో చాలామందికి ఉంది. దాని వెనుక ఉన్న నమ్మకాన్ని నేను కాదనను. కానీ ఆ నీళ్ళు తాండూరు బండకూ పాలరాతికీ మంచివి కావు. ఉప్పునీరు రాతి సూక్ష్మరంధ్రాల్లోకి ఇంకి, ఆరినప్పుడు లోపల స్ఫటికాలు కట్టి, పైపొరను పొరలు పొరలుగా లేపుతుంది. అలవాటు మానలేకపోతే ఉప్పునీళ్ళను టైల్స్ ఉన్న పై అంతస్తుకు పరిమితం చేసి, కింద ఉత్త నీళ్ళు వాడండి.

దీనికి దగ్గరి సమస్యే నేల అడుగునుంచి ఉప్పు పట్టడం. నేలను ఆనుకుని ఉన్న ఇళ్ళలో అడుగునుంచి చెమ్మ పైకి ఎక్కి, బండల అంచుల్లో తెల్లటి పొడి తేలుతుంది. దాన్ని నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ రాతిలోకే ఇంకుతుంది. ఎండిన బ్రష్‌తో రాల్చి, చేటలోకి ఎత్తి పారబోయాలి. చాలా ఏళ్ళ కిందట ఇలాంటి ఒక ఇంట్లో, యజమాని కోరిక మీద, నేను చెమ్మ కారణాన్ని వెతకకుండా పైన సీలర్, అంటే రాతి సూక్ష్మరంధ్రాలను మూసే పూత, పూయించాను. ఒక వానాకాలం గడిచేసరికి సీలర్ బొబ్బలు లేచి, దానితో పాటు రాతి పెచ్చులు కూడా ఊడి వచ్చాయి. ఆ నేలను నా ఖర్చుతో మళ్ళీ పట్టించవలసి వచ్చింది. అప్పటినుంచి చెమ్మ ఉన్న నేలకు, దాని దారి మూసే దాకా, సీలర్ పూయనివ్వడం లేదు.

పూజగది పాలరాయి విషయంలో మూడు మరకలు ఎక్కువగా వస్తాయి. దీపపు నూనె పడితే వంటసోడాను నీళ్ళతో ఇడ్లీపిండి కంటే గట్టిగా కలిపి, మరక మీద పావు అంగుళం మందంగా పరిచి, పైన పాలిథిన్ కాగితం కప్పి, అంచులకు టేపు అంటించి 24 గంటలు ఉంచండి. తరువాత కాగితం తీసి, పిండి పూర్తిగా ఎండాక చెక్క గరిటెతో ఎత్తేయండి. పిండి ఎండే కొద్దీ రాతిలోని నూనెను పైకి లాక్కుంటుంది. పాత మరకకు రెండు మూడు సార్లు చేయవలసి ఉంటుంది.

పసుపు మరక వేరు. సబ్బుతో కడగగానే అది ఎర్రగా మారి మరింత భయపెడుతుంది. పసుపులోని రంగుపదార్థం క్షారం తగిలితే ఎర్రబడటం సహజం. ముందు ఉత్త నీళ్ళతో తుడిచి, ఎండ పడే చోటైతే అలాగే వదిలేయండి, నాలుగైదు రోజుల్లో వెలిసిపోతుంది. ఎండ రాని గదిలో, తెల్ల పాలరాయి అయితే మాత్రమే, మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన దూదిని పరిచి, పాలిథిన్ కాగితం కప్పి కొన్ని గంటలు ఉంచి, కడిగేయండి. కుంకుమ రంగులు ఒక్కో రకానివి కనుక, తడవకముందే పొడిగా ఎత్తేయడం ఒక్కటే నమ్మదగిన మార్గం. అన్నిటికంటే సులువైన పని, కుందుల కింద ఇత్తడి పళ్ళెం పెట్టుకోవడం.

విట్రిఫైడ్ టైల్స్ మీ ఇంట్లో అన్నిటికంటే తక్కువ సేవ అడిగే నేల. ఇవి తమ బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చవు. అందుకే మరకలు పైపైనే ఉంటాయి. వీటి బలహీనత పలకలో లేదు, జాయింట్లలో ఉంది. జాయింట్లలో నింపేది సాధారణంగా సిమెంటుతో చేసిన గ్రౌట్. సిమెంటును కూడా యాసిడ్ తినేస్తుంది. యాసిడ్‌తో తరచూ కడిగే ఇళ్ళలో టైల్ మెరుస్తూనే ఉంటుంది, జాయింట్లు మాత్రం పిండిలా రాలి, ఆ సందుల్లోంచి నీరు కిందకి దిగి, కొన్నాళ్ళకు టైల్స్ తడితే డొల్ల శబ్దం వస్తుంది. జాయింట్లలోని నలుపుకు వంటసోడా ముద్ద, పాత టూత్‌బ్రష్ చాలు. కొత్త టైల్స్ మీద సిమెంటు పొర ఉంటే, గ్రౌట్ బాగా గట్టిపడ్డాక, దానికోసమే దొరికే తేలికపాటి క్లీనర్‌ను కంపెనీ చెప్పిన పాళ్ళలో కలిపి, ముందుగా జాయింట్లను నీళ్ళతో తడిపి, ఆపైన వాడాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న క్లీనర్‌ను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అది టైల్ మెరుపునూ గ్రానైట్‌నూ తినేస్తుంది, మనిషి చర్మానికి ఎంతో ప్రమాదకరం.

వంటగదిలో గ్యాస్ సిలిండరు అడుగున పడే గుండ్రటి తుప్పు మచ్చ గురించి దాదాపు ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. టైల్ మీద అయితే నిమ్మచెక్క మీద కాస్త ఉప్పు చల్లి రుద్ది, పది నిమిషాలు ఆగి కడిగితే పోతుంది. అదే మచ్చ తాండూరు బండ మీద ఉంటే ఈ చిట్కా పనికిరాదు. తుప్పు పోయి, దాని స్థానంలో తెల్లటి వలయం మిగులుతుంది. రాతికి పనికివచ్చే, ఆమ్లం లేని తుప్పు పేస్టును అడిగి తెచ్చుకోండి. సిలిండరును చక్రాల స్టాండు మీద పెట్టుకుంటే ఈ బెడదే ఉండదు.

బాత్‌రూమ్ కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్‌నూ ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసిన గదిలో అది ప్రాణాల మీదకు తెస్తుంది. ముందు రోజు చల్లిన బ్లీచింగ్ కడగకుండా మరునాడు యాసిడ్ పోసినా ఇదే జరుగుతుంది. మీ ఇంట్లో పనిచేసేవారికి ఈ మాట మీరే స్వయంగా చెప్పండి, సీసాలను వేరువేరు చోట్ల పెట్టండి. టైల్స్ మీది ఉప్పునీటి గారకు వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి పది నిమిషాలు ఉంచి, బ్రష్‌తో రుద్ది కడిగితే చాలావరకు పోతుంది.

మిగతా నేలల గురించి మీరు అడగలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. గ్రానైట్‌కు మామూలు ఆమ్లాల భయం తక్కువ, నూనె భయం ఎక్కువ. నీటి చుక్క వేసి పది నిమిషాల తరువాత ఆ చోటు నల్లబడితే సీలర్ పూయించాలి. మొజాయిక్‌లో ఉన్నవి పాలరాతి ముక్కలు, సిమెంటు. కాబట్టి నాపరాతికి చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. పాత ఇళ్ళలోని ఎర్ర గచ్చును సోడాతోనూ యాసిడ్‌తోనూ కడగకూడదు. ఉత్త నీళ్ళతో తుడిచి, అప్పుడప్పుడు కొబ్బరి నూనె రెండు చుక్కలు వేసిన మెత్తటి గుడ్డతో గట్టిగా రుద్దితే దాని రంగు నిలుస్తుంది. అమెరికాలోనో మరోచోటో చెక్క నేలల ఇళ్ళలో ఉన్న మనవారు మాత్రం ఇక్కడి అలవాటు ప్రకారం నీళ్ళు పోసి కడగరాదు. చెక్కలా కనిపించే లామినేట్ నేల లోపల ఉండేది చెక్కపొట్టుతో అదిమిన పలక. నీరు దిగితే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్ళీ సర్దుకోదు.

చివరగా మీ వరండా. హాలుతో పాటు దానికీ అద్దంలాంటి పాలిష్ పట్టించాలని మేస్త్రీ చెబుతున్నాడని రాశారు. ఒప్పుకోవద్దు. అక్కడ వానజల్లు పడుతుంది, మీ అమ్మగారు తెల్లవారకముందే ముగ్గు వేయడానికి ఆ తడి మీదే నడుస్తారని కూడా మీరే రాశారు. వరండా బండలను 120 నంబరు దగ్గర ఆపించి, కడిగించి వదిలేయమనండి.